మాట్లాడకూడని ఆట

పైపుల యార్డులో ఆమెను అందరూ సైరన్ అంటారు. క్రేన్ కదిలే ముందు మోగాల్సిన సైరన్ ఒకసారి పాడైంది. బాగుచేసే మనిషి ఎంతకీ రాలేదు. పని మాత్రం ఆగలేదు, పైన క్రేన్ క్యాబిన్‌లోంచి ఆమే అరిచింది. "తప్పుకోండ్రా, లోడొస్తోంది!" అని ఒక్క కేక వేస్తే షెడ్డు ఆ చివర టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులతో సహా గోడకు అంటుకుపోయేవాళ్ళు. అసలు సైరన్ బాగయ్యాక కూడా పేరు ఆమెకే ఉండిపోయింది.

ఆమెది పొద్దున్నే ఇనుప నిచ్చెన ఎక్కి, షెడ్డు కప్పు కింద వేలాడే అద్దాల గదిలో కూర్చునే ఉద్యోగం. ఎడమచేతి కింది లీవరుతో క్రేన్ పట్టాల మీద అటూ ఇటూ నడుస్తుంది. కుడిచేతి కింది లీవరును తనవైపు లాగితే కొక్కెం పైకి లేస్తుంది, ముందుకు తోస్తే కిందికి దిగుతుంది. కింద బాబాయ్ నిలబడి చేత్తో సైగలు చేస్తాడు. ఆయన వయసుకి యార్డంతటికీ బాబాయే. ఆయన అరచెయ్యి తెరిస్తే దించాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. లారీ అంత పొడుగున్న పైపుల కట్టను కింద పరిచిన చెక్కదిమ్మెల మీద ఆమె దించితే టక్కుమని చప్పుడు కూడా రాదు. ఆమె కోపమంతా నోట్లోనే ఉండేది, ఏనాడూ చేతిలోకి దిగేది కాదు.

ఇంట్లో ఉండేది ఇద్దరు. భర్త పోయేనాటికి కూతురు బళ్ళో చదువుతోంది. ఇప్పుడు ఒక ఆసుపత్రి బిల్లుల కౌంటర్లో పని చేస్తోంది. సన్నగా, చిన్నగా, ఎక్కడా కుదురుగా నిలవని పిల్ల. అందుకే తల్లి పిచ్చుక అని పిలిచేది. ఆ పిచ్చుక సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, నాలుగు మెతుకులు తిని లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని స్నేహితులతో కంప్యూటర్లో తుపాకుల ఆట ఆడేది. తల్లికి తలుపవతల నవ్వు వినిపించేది. తనతో మాట్లాడేటప్పుడు ఆ నవ్వు ఎన్నడూ వినలేదు.

ఒకనాడు తలుపు తోసుకుని వెళ్ళింది.

"ఏముందే ఆ డబ్బాలో? పొద్దస్తమానం నేను కాకిలా ఒక్కదాన్నే అరుచుకోవడమేనా?"

"పొద్దస్తమానం ఎక్కడమ్మా, ఒక గంట."

"ఆ గంటే ఇంట్లో ఉండేది నువ్వు. మిగతాది నిద్ర. నాకూ నేర్పు."

పిచ్చుక నవ్వింది. తల్లి నవ్వలేదు. అప్పుడు కూతురు కూడా ఆపేసింది.

పాత కంప్యూటరును ముందు గదిలో చెప్పుల స్టాండు పక్కన బల్లమీద పెట్టారు. మొదటిరోజు పాఠమే తిట్లతో మొదలైంది. డబ్ల్యూ నొక్కితే ముందుకు, ఎస్ నొక్కితే వెనక్కి, ఏ, డీ పక్కలకు. ఆర్ నొక్కితే తుపాకిలో మళ్ళీ గుళ్ళు నిండుతాయి. పొడుగు మీట నొక్కితే గెంతుతుంది. జీ నొక్కితే మందుపెట్టె కింద పడుతుంది, దెబ్బ తిన్నవాడు దాన్ని తీసుకోవచ్చు. తల తిప్పడానికి మౌసు.

"ముందుకి నడవడానికి ఒక చెయ్యి, ముందుకి చూడడానికి ఇంకో చెయ్యా? నడిచేవాడు ముందుకి కాక వీపువైపు చూస్తాడా?"

"అక్కడ చూస్తూ ఇక్కడికి నడవాలమ్మా, వెనకనుంచి ఎవరైనా వస్తే?"

"వెనకనుంచి వచ్చేవాడు మనిషే కాదు."

మౌసును ముట్టుకుంటే లోకం గిర్రున తిరిగేది. పిచ్చుక సెట్టింగుల్లోకి వెళ్ళి దాని వేగం తగ్గించింది. ఇప్పుడు పక్కకు తిరగాలంటే చెయ్యి బల్ల చివరిదాకా పోయి చెప్పుల స్టాండుకు కొట్టుకునేది. "మధ్యలో ఎక్కడో పెట్టలేవూ? నీకన్నీ అయితే అతివృష్టి, లేకపోతే అనావృష్టి!" అని మోచెయ్యి రుద్దుకుంటూ అరిచింది. మధ్యలో పెట్టారు. అప్పటికీ ఆమె బొమ్మ నేలనో ఆకాశాన్నో చూస్తూ నిలబడేది తప్ప ఎదురుగా ఉన్న మనిషిని చూసేది కాదు. ఆమె పైకి చూడాలనుకున్నప్పుడల్లా మౌసును తనవైపు లాగేది. అది తన కాలి బూట్లు చూపించేది.

"తోస్తే పైకమ్మా. లాగితే కిందికి."

"తోస్తే పైకి పోయేది లోకంలో ఏదీ లేదు! ఇన్నేళ్ళుగా లాగితేనే లేస్తోంది. ఈ ఆట చేసినవాడెవడో కొక్కెం పట్టి ఎరుగడు."

కాసేపటికి పిచ్చుకకు అర్థమై, పైకీ కిందికీ తలకిందులు చేసే సెట్టింగు వెతికి పెట్టింది. అప్పటినుంచి తల్లి చెయ్యి కుదిరింది. ఆటలో గోడ మీద వరసగా నిలబెట్టిన డబ్బాలను ఒక్కొక్కటిగా కొట్టి పడేసింది. ఆ రాత్రి అన్నం తింటూ ఇద్దరూ ఆట గురించే మాట్లాడుకున్నారు. చాన్నాళ్ళకు.

ఇక అసలు ఆట. పిచ్చుక తన జట్టులోకి తల్లిని తీసుకెళ్ళింది. జట్టు పెద్ద ఒక బ్యాంకు గుమాస్తా, అతన్ని అందరూ కెప్టెన్ అంటారు. ఇంకొకడు పళ్ళ డాక్టరు. వాళ్ళిద్దరినీ ఆమె అదివరకు చూసింది లేదు, తలుపవతల నవ్వుల్లో పేర్లు విన్నదంతే. వీ నొక్కితే మన మాట జట్టుకు వినిపిస్తుందనీ, దగ్గర్లో ఉంటే శత్రువులకు కూడా వినిపిస్తుందనీ పిచ్చుక చెప్పింది. తల్లి మొదటి సగం విన్నది. కదిలే ముందు సైరన్ కొట్టకపోతే యార్డులో ఉద్యోగం ఊడుతుంది. ఆ అలవాటు వేలిలో ఉంది. ప్రతి మూల తిరిగే ముందూ వీ నొక్కి, "తప్పుకోండి, వస్తున్నా!" అని కేక పెట్టింది. శత్రువులు తప్పుకోలేదు సరికదా, వరస కట్టి వచ్చారు. వచ్చి ఆమెనే కాక ఆమె వెనకున్న జట్టంతటినీ కాల్చి పారేశారు. మళ్ళీ మొదలెడితే మళ్ళీ అంతే. కెప్టెన్ ఓపికపట్టి, "ఆంటీ, కొంచెం నిశ్శబ్దంగా" అన్నాడు. ఆంటీ అతని పెంపకం గురించి నాలుగు మాటలు అంది. అవి కూడా అందరికీ వినిపించాయి.

మర్నాడు పిచ్చుక కొత్త మాట చెప్పింది. "ఇవాళ్టి నుంచి ఆటలోనే వేరే గదిలో ఆడతామమ్మా. అందులో మాట్లాడకూడదు. మైకులన్నీ బంద్. మాట్లాడితే ఎక్కడున్నామో తెలిసిపోతోంది కదా."

నిన్నటి చావులన్నీ కళ్ళారా చూసింది గనక తల్లికి అది న్యాయంగానే తోచింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, నోరు మూసుకుని కూర్చుంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి రోజుకు గంటసేపు, నెల రోజులు, పెదవి విప్పలేదు. యార్డులో ఎవరికైనా చెబితే నమ్మేవాళ్ళు కాదు.

ఆట మాత్రం బాగా వచ్చేసింది. తెరమీద పేర్లు కనిపించేవి. అవతలి పక్షంలో కెప్టెన్, పళ్ళ డాక్టరు. తన పక్కన పిచ్చుక. "మేం పక్షాలు మార్చుకున్నాం, నేను నీ వైపు" అని చెప్పింది కూతురు. పిచ్చుక ఆటలో కూడా పిచ్చుకే. ఒకచోట నిలవదు, ఎదురుకాల్పుల్లోకి దూసుకుపోతుంది, దెబ్బ తింటుంది. తల్లి వెనకే పరుగెత్తి, జీ నొక్కి తన మందుపెట్టె పడేసేది. పిచ్చుక దాన్ని తీసుకుని మళ్ళీ లేచి నడిచేది. పళ్ళ డాక్టరును ఆమె కుక్కను కొట్టినట్టు కొట్టింది.

ఆట అయ్యాక తలుపు తీసుకుని కూతురు అన్నానికి బయటికొచ్చేది.

"ఇవాళ నేను మందు పడెయ్యకపోతే పోయేదానివే."

"ఊఁ. బతికించావమ్మా."

"అంత ముందుకెందుకే పోవడం? కాస్త నా వెనక ఉండొచ్చుగా."

"సరేలే."

మర్నాడు ఆమె ఆ సంగతి బాబాయ్‌కి చెప్పేది. "నిన్న మా పిల్లను మూడుసార్లు లేపాను బాబాయ్!" ఆయన పైపులకు తాడు చుడుతూ, "ఎక్కడ పడిందమ్మా?" అనేవాడు.

ఒక ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు స్వయంగా ఇంటికొచ్చాడు. పిచ్చుక హెడ్‌ఫోన్ చెడిపోతే తనది ఇవ్వడానికి. పిచ్చుక స్నానానికి వెళ్ళింది. తల్లి తలుపు తీసి, అతన్ని కింది నుంచి పైకి చూసింది.

"నువ్వేనా పళ్ళ డాక్టరువి? పళ్ళు పీకే చేతికి తుపాకి ఆనదా బాబూ? నిలబడ్డచోటే నిలబడతావు, అందరికీ వీపు చూపిస్తావు. నిన్న మెట్ల కింద గోడవైపు తిరిగి నిలబడ్డావు. ఏం, అలిగావా?"

అతను మర్యాదకు నవ్వాడు. "నిన్న నేను ఆడలేదండీ. క్లినిక్‌లో ఆలస్యమైంది."

"మరి నేను కాల్చిందెవర్ని, నీ దెయ్యాన్నా? నెల రోజులుగా కాలుస్తున్నాను."

"మీరు మాతో ఆడింది ఆ ఒక్కరోజేగా ఆంటీ. కెప్టెన్‌ని తిట్టారు చూడండి, ఆ రోజు."

ఆమెకు కోపమొచ్చింది. ఓడినవాడు ఒప్పుకోడు, లోకంలో ఎక్కడైనా అంతే. కంప్యూటర్ తెరిచి, కుర్చీ లాగి, "కూర్చో. చూపించు నువ్వెక్కడున్నావో" అంది. అతను మౌసు కదిపాడు, తెర బూట్లు చూపించింది. "తలకిందులుగా ఉందేంటండీ" అంటూ దాన్ని సరిచెయ్యడానికి సెట్టింగులు తెరిచాడు. అక్కడ ఇంకేదో చూసి గట్టిగా నవ్వేశాడు.

"ఆంటీ, ఇది బయటివాళ్ళతో ఆడేది కాదండీ. ప్రాక్టీస్ గది. ఇందులో ఉన్నవన్నీ మెషిన్ ఆడించే బొమ్మలు. పేర్లు మనమే పెట్టుకోవచ్చు. ఎవరో మా పేర్లు పెట్టేశారు, చూడండి, కెప్టెన్ కూడా ఉన్నాడు! తెలివి మరీ తక్కువలో పెట్టారు. అందుకే గోడకి తిరిగి..."

ఆమె వేలు తెరమీద పెట్టింది. "మరి ఇది?"

వేలి కింద పిచ్చుక అని ఉంది.

అతని నవ్వు ఆగిపోయింది. "అది కూడా... మెషినేనండీ."

తలకు తువ్వాలు చుట్టుకుని పిచ్చుక గుమ్మంలోకొచ్చింది. తెరమీద సెట్టింగుల పేజీ చూసింది, డాక్టరును చూసింది, తల్లిని చూడలేదు. డాక్టరు హెడ్‌ఫోన్‌ను చెప్పుల స్టాండు మీద పెట్టి, ఒక బూటు సగమే తొడుక్కుని, "వస్తానండీ" అని మెట్లు దిగిపోయాడు.

"నెల రోజులు!" అంది తల్లి. "నెల రోజులు ఒక బొమ్మకి మందు పోశానే!"

"అమ్మా, అరవకు."

"అరుస్తాను! నువ్వు అరవకూడదంటే నెల రోజులు నోరు కుట్టుకు కూర్చున్నాను. దేనికి? నా పక్కన నువ్వున్నావని. బతికించావమ్మా అన్నావే! అన్నం తింటూ నా మొహం చూసి అన్నావే! ఆ మాట అనేటప్పుడు నీ నోట్లో ముద్ద ఎలా దిగిందే?"

"మరేం చెయ్యను? జట్టువాళ్ళు చెప్పేశారు, మీ అమ్మయినా రావాలి, మేమైనా ఉండాలి అని."

"ఆ మాట నాకు చెప్పలేవూ?"

"చెబితే?" పిచ్చుక తువ్వాలు ఊడదీసి విసిరేసింది. "చెబితే వాళ్ళ ఇళ్ళకెళ్ళి తిట్టొస్తావు. పొద్దున్నించీ కౌంటర్లో కూర్చుంటాను. బిల్లు ఎక్కువైందని ఒకడు, మందు లేదని ఒకడు, అందరూ నా మొహం మీదే అరుస్తారు. ఇంటికొస్తే నువ్వు. చారు చల్లారిందని, తలుపేశానని, తలుపు తీశానని. నా మీద ఎవరూ అరవని చోటు అదొక్కటే అమ్మా. అదొక్క గంట. అందులోకి కూడా వచ్చేశావు."

తల్లికి ఎదురు చెప్పడానికి మాట దొరక్కపోవడం అంటూ ఉండదు. ఆ రోజు కూడా దొరికాయి, మధ్యాహ్నందాకా దొరుకుతూనే ఉన్నాయి. కని పెంచిన దగ్గర్నించి కరెంటు పోయిన రాత్రుల్లో విసిరిన విసనకర్ర దాకా అన్నీ తవ్విపోసింది. పిచ్చుక లోపలికెళ్ళి తలుపేసుకుంది. తల్లి తలుపుతోనే పోట్లాడింది.

సోమవారం నిచ్చెన ఎక్కుతున్నప్పుడు కూడా ఆమె కడుపు మండుతూనే ఉంది. మొదటి కట్ట ఎత్తింది. బాబాయ్ పిడికిలి బిగించాడు. ఆమె ఆపింది, కానీ ఆపవలసినంత మెత్తగా ఆపలేదు. పైపుల కట్ట తాళ్ళమీద ఊగి, బాబాయ్ నెత్తికి చేరువగా పోయి, వెనక్కి వచ్చింది. ఆయన రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టాడు. అంతా ఆపి కిందికి దిగమని. ఆమెకు ఆ సైగ చెయ్యడం ఆయనకు అదే మొదటిసారి.

ఆమె దిగొచ్చింది. దిగాల్సి వచ్చినందుకు కూడా కోపమే వచ్చింది.

"ఎవరిమీదమ్మా ఆ కోపం? పైపుల మీదా, నా బుర్ర మీదా?"

చెప్పింది. బొమ్మ గురించి, మందుపెట్టెల గురించి, ఎవరూ అరవని చోటు గురించి. బాబాయ్ జాలిపడతాడనుకుంది. ఆయన పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

"పిల్ల ఇప్పుడు కనిపెట్టింది, నేనెప్పుడో కనిపెట్టాను. ఇన్నేళ్ళుగా నీతో చేతుల్తోనే ఎందుకు మాట్లాడుతున్నాననుకున్నావు? వాకీటాకీ ఇస్తామన్నారు. వద్దన్నాను. చెవులు నావి కదా."

"ఛీ, నీ మొహం!" అని ఆమె విసవిసా నిచ్చెన ఎక్కేసింది. ఆయన మాట కూడా ఆమె వెనకే ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చి క్యాబిన్‌లో కూర్చుంది. పని అయ్యేదాకా దిగలేదు.

ఆ సాయంత్రం లోపలి గది తలుపు వేసే ఉంది. ఆమె గుమ్మం ముందు నిలబడి, వేళ్ళతో కొట్టింది. అంతకుముందు ఆ తలుపును తోయడమే తప్ప కొట్టి ఎరుగదు.

పిచ్చుక తీసింది. "ఇంకేమైనా మిగిలిందా తిట్టడానికి?"

"చాలా మిగిలింది. ఒకటి అడుగుతాను. నీ స్నేహితుల గదిలోకి రాను. నీ గంట నీది. వాళ్ళ పేర్లు పెట్టావు, పోనీ. ఆ బొమ్మకి నీ పేరెందుకు పెట్టావే? నా పక్కన ఎవరూ లేకుండా వదిలెయ్యొచ్చుగా. ఒక్కదాన్నే ఆడుకునేదాన్ని."

"మొదటిరోజు నుంచి నువ్వెక్కడున్నావే, నువ్వెక్కడున్నావే అని ఒకటే అడగడం. అందుకని పెట్టాను."

"అడిగితే బొమ్మను చూపిస్తావా?"

"మరెలా చూపించాలి? ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" పిచ్చుక గొంతు పెరిగింది.

"ఆడు. నాతో. నువ్వు."

"నాతో ఆడతావా? ఒక్క నిమిషం కూడా బతకనివ్వను."

"బతకనివ్వకు."

"జాలిపడను."

"నీ జాలి నెల రోజులు తిన్నాను, చాలు. పెట్టు."

పిచ్చుక ముందు గదిలోకొచ్చి, మీటలు టకటకా కొట్టి, బొమ్మల పేర్లన్నీ చెరిపేసింది. తల్లిదీ, తనదీ రెండే పేర్లు మిగిలాయి. కాళ్ళు నేలకు తాటిస్తూ లోపలికెళ్ళి కూర్చుంది. తలుపు వెయ్యలేదు. వేసే ధ్యాస కూడా లేదు.

ఆట మొదలైంది. తల్లి గోడ మూల తిరగకముందే చచ్చింది. మళ్ళీ లేచింది, మెట్లు ఎక్కబోయింది, చచ్చింది. నెల రోజులుగా తనముందు వీపు చూపించి నిలబడ్డ లోకం ఇప్పుడు అన్ని వైపుల నుంచీ కాలుస్తోంది. ఎక్కడ నుంచో కనబడదు. మౌసు లాగింది, ఆకాశం కనిపించింది, ఆకాశాన్ని చూస్తూ చచ్చింది.

"దొంగముండా, మనిషిలా ఎదురుగా రావే!"

"ఎందుకొస్తాను? నువ్వొస్తావా నా దగ్గరికి? నడిమధ్యలో నిలబడితే ఎవరైనా చంపుతారు!"

"చంపు!"

"చంపుతున్నా!" చంపింది. "గుళ్ళు నింపుకోవేంటి? ఆర్! ఆర్ నొక్కమని చెప్పానా లేదా? ఖాళీ తుపాకి పట్టుకుని ఎవరి మీదికొస్తున్నావు?"

"నువ్వు చెప్పావా? చెబితే నాకు గుర్తుండదా?"

"నువ్వెప్పుడు విన్నావు ఏది చెప్పినా? చిన్నప్పటి నుంచి ఒక్క మాట చివరిదాకా విన్నావా? మూల చూడు! పైకి కాదు, మూల!"

పిచ్చుక అరుస్తోంది. గొంతు పగిలేలా, మీటలు విరిగేలా అరుస్తోంది. తల్లి మొహమంతా చెమట పట్టింది. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది, కళ్ళు మాత్రం తెరమీంచి తీయడం లేదు. ఏ క్షణాన ఏ కిటికీలోంచి వస్తుందో ఆ పిల్ల. బొమ్మ అలా రాదు. బొమ్మకు ఇంత పగ ఎక్కడిది?

వీధి తలుపు దబదబా మోగింది. పై వాటాలో ఉండే ఆవిడ.

"ఏమండీ! ఏమైందండీ ఆ కేకలు? లోపలికి రమ్మంటారా?"

"ఏం లేదమ్మా!" తల్లి తల తిప్పకుండా అరిచింది. "మా అమ్మాయి నన్ను చంపుతోంది. రేపు రండి!"

అంటూనే మళ్ళీ చచ్చింది. లోపలి గదిలోంచి, "మాట్లాడుతూ నిలబడకే అమ్మా!" అని వినిపించింది.

"ఆగవే, వస్తున్నా" అని ఆమె డబ్ల్యూ మీద వేలు నొక్కిపట్టింది.